చహల్ ఖదమీ: నలభై అడుగులకు దారి కావాలి

ఉర్దూలో ఒక మంచి మాట ఉంది: చహల్ ఖదమీ. ఫార్సీలో చహల్ అంటే నలభై. ఖదమ్ అంటే అడుగు. తిన్నాక మెల్లగా నలభై అడుగులు వేయడమే చహల్ ఖదమీ. పాత హకీమ్ సాబ్‌లు మందు పొట్లంతో పాటు ఈ మాట కూడా చెప్పి పంపేవాళ్లు. తెలుగిళ్లలో పెద్దవాళ్లు ‘తిన్నాక నూరడుగులు’ అంటారు. లెక్కలో తేడా ఉన్నా నసీహత్ ఒక్కటే. ఉర్దూ మీడియం బడిలో నేర్చుకున్న ఆ మాట ఇప్పుడు మా బొగ్గుబాయిల ఇలాకాలో వేరే రూపంలో తిరిగొచ్చింది. ఏ దవాఖానాకు పోయినా మందుల చీటీ కింద డాక్టర్ సాబ్ ఒక ముక్క రాసిస్తున్నాడు: వాకింగ్.

రాసివ్వడం ఆసాన్. ఇంత సస్తా ఇలాజ్ ఇంకోటి లేదు. కానీ గోదావరిఖనిలో పొయ్యి ముందు నుంచి లేచిన ఒక ఔరత్ ఎక్కడ నడవాలి? ఏ టైములో? ఎవరితో? ఈ మూడు సవాళ్లకు జవాబు ఇవ్వకుండా నడవమని చెప్తే అది నసీహత్ కాదు, ఇల్జామ్. రేపు షుగర్ పెరిగి కాలికి పుండు పడితే, ‘నడవమంటే నడిచావా?’ అనడానికి ఇవాళే రాసిపెట్టుకున్న ఇల్జామ్.

జనాన్ని నడిపించడమే పనిగా పెట్టుకున్న సంస్థలు దునియాలో చాలా ఉన్నాయి. కొన్ని ఖైరాత్ మీద నడుస్తాయి. కొన్ని తాము చేసిన పనికి మునిసిపాలిటీల నుంచో ఆరోగ్య శాఖల నుంచో పైసలు తీసుకుని, ఆ పైసలతోనే పనిని సాగిస్తాయి. ఇలాంటి వాటిని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటున్నారు. మా రామగుండం, గోదావరిఖని ఇలాకాకు అలాంటి ఇదారా ఒకటి కావాలని నా రాయ్. అయితే అది అడుగులు లెక్కపెట్టి శభాష్ అనే ఇదారా కాకూడదు. దారి, తోడు ఇచ్చే ఇదారా కావాలి. ఆ తోడులో సగం ఇవ్వాల్సింది మన జమాతే.

నడక మీద లేచిన ఊరు

మా ఊళ్లలో చాలా చోట్ల బాయి నంబరే మొహల్లా పేరు. ఫైవ్ ఇంక్లైన్, యైటింక్లయిన్‌ కాలనీ ఇలా వచ్చిన పేర్లే. ఇంక్లైన్ అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే దారి. మస్టర్ పడ్డాక టోపీ పెట్టుకుని, లైటు తగిలించుకుని, కార్మికుడు ఆ వాలు వెంట దిగి బొగ్గు పొర దగ్గరికి చేరాలి. బాయి పాతబడే కొద్దీ పని చేసే చోటు దూరం జరుగుతుంది. పోను, రాను కిలోమీటర్ల నడక. అదీ ఉక్కపోతలో, తల వంచుకుని, నీళ్లలో, బురదలో. తట్ట పట్టకముందే సగం తాఖత్ అయిపోయేది. ఆ నడక బరువు తగ్గించడానికే సింగరేణి బాయిల్లో మ్యాన్ రైడింగ్ పెట్టారు. కుర్చీ మీద కూర్చుంటే తాడు లాక్కుపోతుంది.

బాయి నడకను గొప్ప చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. అది రోటీ కోసం నడిచిన నడక, సేహత్ కోసం కాదు. బొగ్గు దుమ్ము పీల్చుకుంటూ నడిస్తే ఊపిరితిత్తులకు మేలు జరగదు. మా ఇళ్లలో రాత్రంతా దగ్గే బుజుర్గ్‌లను అడిగితే తెలుస్తుంది. అయినా ఒక మాట నిజం. ఈ బస్తీల్లో ఒక తరం మొత్తం తన కాళ్ల మీద బతికింది. క్వార్టర్ నుంచి బాయికి, బాయి నుంచి అంగడికి, అంగడి నుంచి మసీదుకు.

తర్వాత భూగర్భ గనులు తగ్గుతూ ఓపెన్‌కాస్టులు పెరిగాయి. బొగ్గు తీసే మనిషి డంపర్‌లో, షావెల్‌లో కూర్చున్నాడు. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చింది. ఉన్నవాళ్ల ఇంటి ముందు బండి ఉంది. గల్లీ చివర దుకాణ్‌కు పోవాలన్నా కిక్ కొట్టడమే.

1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల మీద చేసిన తహ్‌ఖీఖ్ లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒకే బస్సు, ఒకే కంపెనీ. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు. కండక్టర్ రోజంతా మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు డ్రైవర్లకే ఎక్కువగా వచ్చిందని మోరిస్ తేల్చాడు. కదలని జిస్మ్‌కు ఖత్రా ఉందని అంకెలతో చూపిన మొదటి పెద్ద అధ్యయనాల్లో అది ఒకటి. మా ఇలాకాను ఆ లెక్కన చూస్తే కండక్టర్ల తరం దిగిపోయి డ్రైవర్ల తరం ఎక్కింది.

బాయిలో నౌకరీ లేని మన ఇళ్లు ఇంకా ఎక్కువ. కుట్టు మిషన్, ఆటో సీటు, మెకానిక్ షెడ్డు, కిరాణా గల్లా. అన్నీ కూర్చునే పనులే. పైగా దావత్ ఉంటే బిర్యానీ, లేకుంటే దాల్చా. మీఠా లేకుండా ముగియని ఫంక్షన్. పొద్దు పొడిచినప్పటి నుంచి మాపు దాకా ఎన్ని చాయ్‌లో లెక్క లేదు. ఐసీఎంఆర్ 2023లో ప్రచురించిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. 2022 నాటికి భారతదేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్క చెప్పింది. మగవాళ్లలో అలాంటివాళ్లు నూటికి 42. ఆడవాళ్లలో 57.

ఆ 42కీ 57కీ మధ్య ఉన్న 15 మంది గురించే ఈ వ్యాసం.

పది వేల అంకె ఎక్కడిది?

ఈ మధ్య అందరి నోటా ఒకే అంకె: రోజుకు 10 వేల అడుగులు. ఫోను అదే అడుగుతుంది, చేతి గడియారం అదే అడుగుతుంది. ఈ అంకె దవాఖానాలో పుట్టలేదు, బజార్‌లో పుట్టింది. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, యమసా అనే జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరు మన్‌పో-కే. అంటే పది వేల అడుగుల కొలత. నోటికి బాగుంది, జనానికి ఎక్కింది.

2019లో అమెరికాలో ఐ-మిన్ లీ బృందం దాదాపు 17 వేల మంది పెద్ద వయసు ఆడవాళ్ల అడుగులు లెక్కపెట్టి చూసింది. వాళ్ల సగటు వయసు 72. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మౌత్ ఖత్రా చాలా తక్కువగా కనబడింది. 7,500 దాకా ఇంకా తగ్గుతూ పోయింది. ఆపైన ఎన్ని వేసినా పెద్దగా ఫరఖ్ లేదు. 2016లో న్యూజీలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీవాళ్లు షుగర్ ఉన్నవాళ్లతో ఇంకో సంగతి పరీక్షించారు. రోజులో ఎప్పుడో ఒకసారి 30 నిమిషాలు నడవడం కంటే, మూడు పూటలా తిన్న వెంటనే పదేసి నిమిషాలు నడిచినప్పుడు షుగర్ తక్కువ పెరిగింది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా మరీ ఎక్కువ.

హకీమ్ సాబ్‌ల చహల్ ఖదమీ ఇదే కదా! మన ఇళ్లలో నానీమాలు చెప్పింది, పక్కింటి తెలుగు అవ్వ చెప్పింది ఒటాగోలో అంకెలుగా మారింది.

ఈ అంకెలు నాకెందుకు ముఖ్యమంటే, 10 వేలు అనగానే మన ఔరత్‌లు ‘అది మా వల్ల కాదు’ అని కూర్చుంటున్నారు. రోజుకు మూడుసార్లు పది నిమిషాలు అంటే ఆశ పుడుతుంది. ఆశ పుట్టాక దారి సంగతి వస్తుంది.

నడిపించిన వాళ్లు

ఇంగ్లండ్‌లో సోనింగ్ కామన్ అనే ఊళ్లో విలియం బర్డ్ అనే ఫ్యామిలీ డాక్టర్ 1990ల మధ్యలో ఒక పని చేశాడు. చీటీ మీద వాకింగ్ అని రాయడంతో ఆగకుండా పేషెంట్లను గుంపుగా నడిపించడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన పెట్టిన ఇంటెలిజెంట్ హెల్త్ అనే సంస్థ బీట్ ది స్ట్రీట్ పేరుతో ఊరంతటినీ ఒక ఆట మైదానంగా మార్చింది. వీధి దీపాల స్తంభాలకు చిన్న డబ్బాలు తగిలిస్తారు. పిల్లల దగ్గర కార్డులు ఉంటాయి. ఒక డబ్బా దగ్గర కార్డు ముట్టించి, ఇంకో డబ్బా దాకా నడిచి ముట్టిస్తే పాయింట్లు. బడికీ బడికీ ముఖాబలా. పిల్లల వెంట తల్లులు, తాతలు నడుస్తారు. ఖర్చు స్థానిక కౌన్సిళ్లు, ఆరోగ్య సంస్థలు పెట్టుకుంటాయి.

అమెరికాలో 2010లో మోర్గన్ డిక్సన్, వనెస్సా గారిసన్ అనే ఇద్దరు నల్లజాతి ఔరత్‌లు గర్ల్‌ట్రెక్ మొదలుపెట్టారు. పిలుపు చాలా సాదా: రోజుకు 30 నిమిషాలు, నీ మొహల్లాలోనే, నీ సహేలీలతో. జిమ్ ఫీజు లేదు, యంత్రం లేదు. బానిసలను రాత్రిపూట నడిపించి ఆజాదీ దాకా చేర్చిన హ్యారియెట్ టబ్‌మన్‌ను వాళ్లు తమ మార్గదర్శిగా చెప్పుకుంటారు. ఇవాళ లక్షలాది ఔరత్‌లు ఆ సంస్థ పేరుతో నడుస్తున్నారు. తమ ఖౌమ్ ఆడవాళ్లు గుండెజబ్బుతో, షుగర్‌తో ముందే పోతుంటే వాళ్లు బద్ధకం అని తిట్టలేదు. భయంలేని వీధి, పక్కన ఒక మనిషి ఉంటే నడుస్తారని అర్థం చేసుకున్నారు.

మూడోది మన హైదరాబాద్‌దే. కాంతిమతి కన్నన్ అనే ఆమె నడిపే రైట్ టు వాక్ ఫౌండేషన్. ఈ సంస్థ జనానికి నడవండి అని చెప్పడం కంటే, నడవడానికి ఫుట్‌పాత్ ఏదని అడగడం మీద ఎక్కువ జోర్ పెట్టింది. నడక అలవాటు మాత్రమే కాదు, హక్ కూడా అనే మాటను నగరంలో ఏళ్ల తరబడి పట్టుకుని ఉంది.

బర్డ్ నడకను ఆట చేశాడు. గర్ల్‌ట్రెక్ తోడు ఇచ్చింది. కన్నన్ దారి అడిగింది. గోదావరిఖనికి ఆట తర్వాత. ముందు దారి, తోడు కావాలి.

దారి హక్

ఒక సాయంత్రం చౌరస్తా నుంచి లక్ష్మీనగర్ వైపు నడిచి చూడండి. ఒక పక్క బండ్ల పార్కింగ్, దుకాణాల బోర్డులు, మెట్లు. ఇంకో పక్క వాహనాలు. నడిచే మనిషి ప్రతి పది అడుగులకు రోడ్డు మీదికి దిగాలి. బుర్ఖా వేసుకుని, ఒక చేత్తో పిల్లాణ్ని, ఇంకో చేత్తో సంచీని పట్టుకున్న మనిషి దిగి ఎక్కడం ఎంత కష్టమో ఊహించండి. రాజీవ్ రహదారి మీద బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు. మే నెలలో 45 డిగ్రీల ఎండ. సింగరేణి, ఎన్టీపీసీ కాలనీల్లో చెట్లు, లోపలి రోడ్లు, గ్రౌండ్లు ఉన్నాయి. కాలనీ గేటు దాటి బస్తీల్లోకి వస్తే ఆ సహూలత్ తగ్గిపోతుంది. కాంట్రాక్ట్ కార్మికులు, చిన్న కారోబార్‌వాళ్లు ఉండేది ఈ బస్తీల్లోనే. మనవాళ్లలో ఎక్కువమంది కూడా.

ఇది మనసులో పెట్టుకుని తిట్టుకునే సంగతి కాదు. 2025 మే 14న సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ ఉన్న ధర్మాసనం అది. దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా ఫుట్‌పాత్‌లు ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలకు చెప్పింది. నడిచే దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్ల మీద నడుస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 32 వేలకు పైనే. కాబట్టి దారి అడగడం షౌఖ్ కాదు, జాన్ సంగతి.

ఆక్రమణ అనే మాట వినగానే మన మొహల్లాల్లో ఒక డర్ మొదలవుతుంది. ఫుట్‌పాత్ ఖాళీ చేయాలంటే మొదట లేపేది ఎవరిని? పండ్ల ఠేలా పెట్టుకున్న సలీమ్ భాయ్‌నో, పంక్చర్ దుకాణ్ నడిపే యూసుఫ్ భాయ్‌నో. పెద్ద షోరూమ్ మెట్లు అలాగే ఉంటాయి. ఈ డర్ సహీ. అందుకే నడక కోసం అడిగేవాళ్లు ఠేలాల తరఫున కూడా అడగాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. దాని ప్రకారం మొదట సర్వే చేయాలి, పట్టణ వెండింగ్ కమిటీ వేయాలి, అమ్ముకునే చోటు చూపాలి. సర్వే కాకముందే లేపేయకూడదు. నిజానికి ఠేలా ఉన్న వీధిలోనే ఔరత్‌కు ధైర్యం ఎక్కువ. రాత్రి ఎనిమిదింటికి దీపం వెలుగుతూ, తెలిసిన ముఖం ఒకటి అక్కడ ఉంటుంది. ఖాళీ వీధి కంటే మిర్చీల బండి ఉన్న వీధే మేలు. ఠేలాకు చోటు, నడిచేవాళ్లకు చోటు రెండూ గీత గీసి ఇవ్వొచ్చు. కావాల్సింది నియ్యత్.

దీన్‌లో కూడా దారికి హక్ ఉంది. దారి పక్కన కూర్చునేవాళ్లు దారి హక్ అదా చేయాలని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. చూపు దించుకోవడం, ఎవరికీ తక్లీఫ్ ఇవ్వకపోవడం, సలాముకు జవాబివ్వడం అందులో ఉన్నాయి. దారిలో ఉన్న ముల్లునో రాయినో తీసేయడాన్ని ఈమాన్ శాఖల్లో ఒకటిగా లెక్కించారు. ఇప్పుడు మన మసీదు ముందే జుమ్మా రోజు బండ్లు ఎలా పెడుతున్నామో చూడండి. పక్క గల్లీ వాళ్లకు, నడిచి వచ్చే బుజుర్గ్‌లకు దారి ఉంటోందా? మునిసిపాలిటీని అడగడానికి ముందు ఈ ఒక్కటి మన చేతుల్లో ఉంది.

తోడు హక్

ఇక 57 సంగతి. ఆడవాళ్లు ఎందుకు తక్కువ కదులుతున్నారు? ఇంటి పనే కసరత్ కదా అని మగవాళ్లు అంటారు. ఇంటి పని థకాన్ ఇస్తుంది, అది నిజం. కానీ ఒకే చోట నిలబడి రోటీలు చేయడం, కూర్చుని గిన్నెలు తోమడం గుండెను పరుగెత్తించదు. తలకు కాసేపు ఆరామ్ కూడా ఇవ్వదు. మనసులో మాట చెప్పుకోవడానికి ఒక సహేలీని ఇవ్వదు.

అసలు అడ్డం ఇంకోటి. మన దగ్గర ఔరత్ బయటికి రావాలంటే ఒక వజహ్ కావాలి. దవాఖానాకు పోతే సరే. పిల్లల బడికి పోతే సరే. మయ్యత్ ఇంటికి, షాదీకి పోతే సరే. ఊరికే నడవడానికి పోతే? ‘ఎటు పోతున్నావ్ బేటీ?’ అని గల్లీలో ముగ్గురు అడుగుతారు. మూడో రోజు ఇంట్లోనే ఆగిపోతుంది. మగవాడిని ఎవరూ అడగరు. చాయ్ బండి దగ్గర రెండు గంటలు నిలబడ్డా అడగరు.

పర్దాకూ దీనికీ సంబంధం లేదు. పర్దా అంటే బయట ఎలా ఉండాలో చెప్పే ఖాయిదా. మూడు దినాల సఫర్‌కు మహ్రమ్ మసలా వేరు, మొహల్లాలో అరగంట నడవడం వేరు. ప్రవక్త కాలంలో మోమిన్ స్త్రీలు చాదర్లు కప్పుకుని ఫజర్ నమాజుకు మసీదుకు వచ్చేవారని, చీకటి ఉండగానే ఇళ్లకు మళ్లేవారని, చీకట్లో వాళ్లెవరో పోల్చుకోలేకపోయేవారని హజ్రత్ ఆయిషా రివాయత్ ఉంది. అంటే మదీనా వీధుల్లో తెల్లవారుజామున ఔరత్‌లు నడిచేవారు. అదే హజ్రత్ ఆయిషాతో ప్రవక్త పరుగు పందెం వేసుకున్నారన్న రివాయత్ కూడా మనకు తెలుసు. మొదటిసారి ఆమె గెలిచారు, తర్వాతెప్పుడో ఆయన గెలిచారు.

అన్నింటికంటే పెద్ద మాట సయీ. సఫా, మర్వా మధ్య ఏడు చుట్లు. మొత్తం మూడు కిలోమీటర్ల పైనే. ఒంటరిగా ఉన్న ఒక తల్లి, హజ్రత్ హాజరా, దాహంతో ఉన్న బిడ్డ కోసం పరుగు పెట్టిన దారి అది. ఆమె అడుగుల్లో అడుగులు వేయకుండా ఏ మగవాడి హజ్ కూడా పూర్తి కాదు. ఒక ఔరత్ నడకను ఇబాదత్‌లో చేర్చిన ఉమ్మత్ మనది. మన గల్లీలో ఔరత్ నడిస్తే ఎందుకు అని అడుగుతామా?

ఇక్కడ ఎలా చేయాలి?

మా ఇలాకాకు ఎలాంటి ఇదారా కావాలో నా మనసులో ఉన్నది చెప్తాను. పెద్ద భవనం వద్దు, యాప్ వద్దు. ఒక మొహల్లా, ఇద్దరు ఆపాలు, ఇరవై మంది ఔరత్‌లు. అంతే మొదలు.

ఆ ఇద్దరు ఆపాలకు నెల జీతం ఉండాలి. సేవ పేరుతో ముఫ్త్‌గా చేయించుకుంటే ఆరు నెలలకు ఆగిపోతుంది. ఆడవాళ్ల పని అనగానే ముఫ్త్ అనుకునే ఆదత్ మనకు ముందే ఉంది. వాళ్ల పని ఇది: గుంపును పిలవడం, ముందొకరు వెనకొకరు నడవడం, బీపీ, షుగర్ పరీక్షలకు ఆశా కార్యకర్త దగ్గరికి తీసుకుపోవడం, రానివాళ్ల ఇంటికి వెళ్లి హాల్ అడగడం. మెప్మా మహిళా సంఘాల్లో ఈ పని చేయగల ఔరత్‌లు ప్రతి బస్తీలో ఉన్నారు.

టైము షిఫ్టును బట్టి పెట్టాలి. ఇది బయటివాళ్లకు తెలియదు, మనకు తెలుసు. ఇంట్లో మనిషి ఫస్ట్ షిఫ్ట్‌లో ఉంటే పొద్దున 7 గంటలకు అతడు బాయి మీద ఉండాలి. అంటే ఆమె ఐదింటికే టిఫిన్ గిన్నె సర్దాలి. ఆ వారం ఫజర్ తర్వాత నడవమంటే ఎలా నడుస్తుంది? ఆమె అసర్ తర్వాత రావాలి. నైట్ షిఫ్ట్ వారం ఇంట్లో పగలు మనిషి పడుకుని ఉంటాడు, చప్పుడు చేయకూడదు, ఆ వారం పొద్దున బయటికి రావడం ఇద్దరికీ ఆరామ్. కాబట్టి ఒక బస్తీకి ఒకే గుంపు, ఒకే టైము అంటే కుదరదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉండాలి. షిఫ్టు మారితే గుంపు మారాలి. ఎండాకాలంలో ఇషా తర్వాత పదిహేను నిమిషాలు చాలు. ఎండ ఎక్కాక అస్సలు వద్దు.

దారి కూడా ముందే చూసి పెట్టాలి. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు పక్కన నడిస్తే సేహత్ రాదు, దుమ్మే వస్తుంది. లోపలి గల్లీలు, బడి గ్రౌండ్లు, సింగరేణి గ్రౌండ్లు వాడుకోవాలి. వారానికి కొన్ని గంటలు బస్తీ ఔరత్‌ల కోసం కాలనీ గ్రౌండ్లు తెరవమని అడగడం పెద్ద కోరిక కాదు. ఎక్కడ లైటు లేదో, ఎక్కడ మోరీ మీద మూత లేదో, ఎక్కడ కుక్కల బెడదో ఆ ఇరవై మందే ఒక కాగితం మీద గీసి కార్పొరేషన్‌కు ఇవ్వాలి. రోజూ నడిచేవాళ్ల అర్జీకి బరువు ఉంటుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు, షుగర్‌తో కాళ్లు మొద్దుబారినవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. చెప్పులు సరిగ్గా ఉండాలి. దగ్గు, ఆయాసం ఉన్న రిటైర్డ్ కార్మికులు మెల్లగా, చదునైన చోట నడవాలి.

పైసలు ఎక్కడివి? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. మా ఇలాకాలో బొగ్గు ఉంది, కరెంటు ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది. పెద్ద కంపెనీలకు కొరత లేదు. గనుల వల్ల తక్లీఫ్ పడే ప్రాంతాల కోసం 2015లో చట్టం మార్చి పెట్టిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు కూడా ఉంది. ఆరోగ్యం, స్త్రీ శిశు సంక్షేమం దాని ఖర్చుల జాబితాలో ఉన్నాయి. హాల్‌కు పేరు పెట్టి శిలాఫలకం వేయించే ఖర్చులో ఒక ముక్క చాలు, పది బస్తీల్లో ఇరవై మంది ఆపాలకు ఏడాది జీతం వస్తుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నా: దీనికి జకాత్ ముట్టుకోవద్దు. అది ఫుఖరా, మసాకీన్‌ల హక్. లిల్లాహ్ ఇచ్చేవాళ్లు ఉంటే వేరే సంగతి.

లెక్క కూడా అడగాలి. ఎన్ని అడుగులు వేశారని కాదు. మొదటి నెల వచ్చిన ఇరవై మందిలో ఆరో నెలకు ఎంతమంది మిగిలారు? ఎన్ని లైట్లు వెలిగాయి? ఎంతమందికి షుగర్ ఉందని మొదటిసారి తెలిసింది? ఇదారా పని చేస్తోందో లేదో ఈ మూడింటితో తెలిసిపోతుంది. టీ షర్టులు పంచి, ఆదివారం ఒక్క రోజు ఫొటోలు దిగే వాకథాన్‌లు మనకు చాలు అయిపోయాయి.

జమాత్ చేయాల్సింది

మసీదు కమిటీల భాయ్‌లకు, ఇమామ్ సాబ్‌లకు ఒక గుజారిష్. ఒక జుమ్మా బయాన్‌లో ఈ సంగతి చెప్పండి. మసీదుకు దూరంగా ఉన్న బనూ సలమా తెగవాళ్లు దగ్గరికి మారాలనుకుంటే, మీ ఇళ్లలోనే ఉండండి, మీ అడుగులు రాయబడతాయని ప్రవక్త చెప్పిన సంగతి మీరే మాకు చెప్పారు. ఇవాళ రెండు గల్లీల అవతల నుంచి మసీదుకు బండి మీద వస్తున్నాం. బండి ఇంట్లో పెట్టి రమ్మని చెప్పండి. దాంతో పాటే, మన ఔరత్‌లు గుంపుగా నడుస్తుంటే ఎవరూ సవాల్ చేయకూడదని మింబర్ మీద నుంచి చెప్పండి. ఇమామ్ సాబ్ ఒక్క మాట అంటే గల్లీలో ముగ్గురి నోళ్లు మూతపడతాయి. ఆ పని ఏ ఇదారా, ఏ కంపెనీ చేయలేదు.

ఇంట్లో మగవాళ్లకు ఇంకా చిన్న పని. రాత్రి భోజనం అయ్యాక దస్తర్‌ఖాన్ మీరు ఎత్తండి. గిన్నెలు రేపు తోముకోవచ్చు. అమ్మీని, బీబీని, బేటీని తీసుకుని గల్లీ చివరి దాకా పోయి రండి. పది నిమిషాలు. మొదటి రోజు పక్కింటివాళ్లు వింతగా చూస్తారు. పదో రోజు వాళ్లూ చెప్పులు వేసుకుంటారు. పాతిక ఇళ్ల వాళ్లు ఒకే గల్లీలో నడుస్తుంటే, అక్కడ లైటు వేయమని అడగడానికి వేరే అర్జీ కూడా అక్కర్లేదు.